కౌంటర్ లోపల నేను, లైన్లో మా ఆయన

మా ఆయన ఒక లైన్లో మొదటి నుంచి చివరిదాకా బుద్ధిగా నిలబడడం నేను చూసింది ఒక్కసారే. కెనడాలోని హాలిఫాక్స్‌లో, నేను పనిచేసే యూనివర్సిటీ జిమ్ ముందు, ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున. ఆ లైను చివర కౌంటర్లో కూర్చుని టిక్కెట్లు అమ్ముతున్నది నేనే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళికి ముందు తెనాలిలో ఒక బ్యాంకులో మూడేళ్ళు కౌంటర్ మీద పనిచేశాను. ఆ తర్వాత ఈయన ఉద్యోగాల వెంట ఊళ్ళు మారడం, అమ్మాయిని పెంచడం, అంతే. అమ్మాయి పెళ్ళి చేసుకుని మిల్టన్ వెళ్ళిపోయాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు కూడా వినపడడం మొదలైంది. ఈయన వంతెనల ఇంజనీరు. పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇంటికి రారు. ఒకరోజు యూనివర్సిటీ వెబ్‌సైట్లో పార్ట్ టైం ఉద్యోగం కనపడితే అప్లై చేశా. జిమ్‌లో టిక్కెట్ కౌంటర్.

ఇంటర్వ్యూ చేసినావిడే ఇప్పటికీ నా మేనేజరు. కేప్ బ్రెటన్ దీవి వైపు మనిషి. పొడుగ్గా ఉంటుంది, తెల్లజుట్టు జడ వేసుకుంటుంది, నవ్విందంటే పక్క గదిలో వాళ్ళు తలుపు తీసి చూస్తారు. "బాస్కెట్‌బాల్ గురించి ఏమైనా తెలుసా?" అని అడిగింది.

"తెలీదు. కౌంటర్ గురించి తెలుసు" అన్నాను.

ఉద్యోగం ఇచ్చేసింది.

మామూలు మ్యాచులకి మా దగ్గర టిక్కెట్ల బాధే లేదు. ఆడే పిల్లల అమ్మానాన్నలు, కొందరు స్టూడెంట్లు, బయట చలిగా ఉందని లోపలికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. కౌంటర్లో కూర్చుని అల్లిక పని చేసుకోవచ్చు. కానీ ఏడాదికి ఒక్కసారి, ఇదే ఊళ్ళో ఉన్న రెండో యూనివర్సిటీ టీము మా జిమ్‌కి వచ్చి ఆడుతుంది. ఆ మ్యాచికి ఊరంతా కావాలంటుంది. సీజన్ పాస్ ఉన్నవాళ్ళ సీట్లు వాళ్ళవి. అవతలి టీము వాళ్ళకి కొన్ని పక్కన పెట్టాలి. స్టూడెంట్లకి ఒక వైపు మొత్తం వదలాలి. అవన్నీ పోగా మిగిలేవి వందో, వంద చిల్లరో. ఊరివాళ్ళంతా కొట్టుకునేది వాటికోసమే.

అంతకుముందు ఏడాది వాటిని ఆన్‌లైన్లో పెట్టాం. పెట్టిన అయిదు నిమిషాలకి సైట్ పడిపోయింది. లేచేసరికి టిక్కెట్లన్నీ ఎవరో పదిమంది దగ్గర చేరాయి. ఏళ్ళ తరబడి వస్తున్న పెద్దవాళ్ళు ఫోన్ చేసి బాధపడుతుంటే మా మేనేజరు రెండు రోజులు నవ్వలేదు. ఈసారి ఆన్‌లైన్ వద్దు, మనిషి రావాల్సిందే, కౌంటర్ దగ్గరే అమ్ముదాం అంది. మ్యాచికి వారం ముందు శనివారం, పొద్దున పదింటికి, ఒక మనిషికి రెండు. ఆ నోటీసు రాసే పని నాకు ఇచ్చింది. మూడుసార్లు తిరగరాసి, ఎక్కడా తప్పు లేకుండా రాశానని గర్వపడుతూ తలుపుకి అంటించాను.

ఇక మా ఆయన సంగతి. మంచివారు, పనిమంతులు, ఒకరి సొమ్ము ఆశించరు. కానీ ఏ ఆఫీసుకైనా వెళ్తే "లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అనేది ఆయన మొదటి ప్రశ్న. కాకినాడలో గ్యాస్ కనెక్షన్‌కైనా, రైలు రిజర్వేషన్‌కైనా అలాగే. కెనడా వచ్చి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసు లైన్లో నిలబడి కూడా, కౌంటర్ల వెనక తెలిసిన మొహం ఉందేమోనని మునివేళ్ళ మీద లేచి చూస్తారు. హాలిఫాక్స్‌లో మనకి తెలిసిన మొహం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అలాంటి మనిషికి చివరికి దేవుడు దారి చూపించాడు. పెళ్ళామే కౌంటర్లో కూర్చుంది.

నేను జిమ్‌లో చేరిన ఏడేళ్ళలో ఒక్క మ్యాచీ చూడని మనిషి, బాస్కెట్‌బాల్లో ఎంతమంది ఆడతారో తెలియని మనిషి, ఆ జనవరి చివర డాక్టరు గారింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఏం చేశారో చెప్తాను. డాక్టరు గారు అంటే మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు. ఇక్కడి ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పి. ఆయన మనవరాలు దేశానికి అవతలి చివర సర్రీలో పెరిగింది. పదహారేళ్ళుంటాయి, స్కూలు టీములో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. యూనివర్సిటీలు చూడడానికని ఆ నెల తాతగారి దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి పెద్ద మ్యాచి చూడాలని ఉందంది. టిక్కెట్లు దొరకడం కష్టమట అని డాక్టరు గారు నిట్టూర్చారు.

నేను వంటింట్లో పులిహోర గిన్నె మీద మూత తీస్తున్నాను. హాల్లోంచి మా ఆయన గొంతు వినపడింది.

"టిక్కెట్లదేముంది డాక్టరు గారూ! మా ఆవిడ చేతిలోనే ఉన్నాయి. మీకెన్ని కావాలి?"

"మేం నలుగురం అండీ. కానీ ఇబ్బంది అవుతుందేమో..."

"ఇబ్బందేంటండీ, నాలుగు మీవి."

పక్కనే ఉన్న ఐటీ దంపతులు చెవులు రిక్కించారు. వాళ్ళు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి, అక్కణ్ణుంచి ఇటు వచ్చిన వాళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు. "అంకుల్, మాక్కూడా నాలుగు కుదుర్తయా?" అని అతను అడిగాడు.

"కుదరకపోవడమేంటయ్యా!"

నేను పులిహోర గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి ఎనిమిది టిక్కెట్లు పంచేసి, సోఫాలో వెనక్కి వాలి కూర్చున్నారు. నావైపు చూసి చిరునవ్వు నవ్వారు. నేను నవ్వలేదు.

కారెక్కాక అన్నాను. "ఒక్కటి కూడా ఇవ్వను."

"ఏంటోయ్ ఇవ్వనిది?"

"టిక్కెట్లు. ఒక్కటంటే ఒక్కటి కూడా ముందు తీసి పెట్టను. కావాలంటే లైన్లో నిలబడండి. మనిషికి రెండు."

"నేను మాటిచ్చేశాను కదోయ్" అన్నారు మెల్లిగా.

"మీ మాట మీరు ఇచ్చుకున్నారు. నా టిక్కెట్లు ఎందుకు ఇచ్చారు?"

"నువ్వు మరీ పుల్లవిరుపుగా మాట్లాడతావ్."

ఇంటికి వెళ్ళేదాకా అలిగారు. అలిగినా భోజనాల వేళకి మామూలయిపోతారు, అది వేరే సంగతి. ఆ వారం రోజులూ ఆయన రకరకాలుగా ప్రయత్నించారు. ఒకరోజు కాఫీ తనే కలిపి తెచ్చారు. ఇంకోరోజు, "మీ మేనేజరుకి మన అరటికాయ బజ్జీలు ఇష్టమన్నావు కదూ?" అన్నారు. గురువారానికి ఆయనకి అర్థమైంది. డాక్టరు గారికి ఫోన్ చేసి నిజం చెప్పేయమన్నాను. "చెప్తాలే" అన్నారు గానీ ఫోన్ ముట్టుకోలేదు. బదులుగా స్టోర్ రూములోంచి మడత కుర్చీ తీసి దుమ్ము దులిపారు.

"నిజంగానే నిలబడతారా?"

"రెండైనా తెస్తాను. ఆ పిల్లకీ వాళ్ళ తాతకీ ఇస్తాను. మిగతావాళ్ళకి ఏదో ఒకటి చెప్తాను."

శనివారం పొద్దున ఇద్దరం ఒకే కార్లో బయల్దేరాం. సన్నగా మంచు పడుతోంది, రేవు మీద నుంచి గాలి చెవులు కోసేస్తోంది. ఆయన మంకీ క్యాపు, దానిమీద జాకెట్ హుడ్, చేతిలో ఫ్లాస్కు. ఏడుంపావుకి జిమ్ చేరాం. అప్పటికే తలుపు ముందు ముప్ఫైమంది దాకా ఉన్నారు. నేను స్టాఫ్ తలుపు వైపు తిరిగాను.

"ఏమోయ్, లోపల హీటర్ పక్కన కాసేపు కూర్చుని, పదయ్యేసరికి బయటికొచ్చి నిలబడతాను" అన్నారు.

"లైను బయట ఉందండీ."

వెళ్ళి చివర నిలబడ్డారు. లోపలికి వెళ్ళి కిటికీలోంచి చూశాను. కుర్చీ వేసుకోకుండా నిలబడే ఉన్నారు. ముందున్నావిడ చంకలో ఊతకర్ర ఉంది. కుర్చీ ఆవిడకి ఇచ్చేశారు.

ఎనిమిదింటికి గొడవ మొదలైంది. జిమ్‌కి రెండు తలుపులున్నాయి. ఒకటి రోడ్డు వైపు, ఒకటి పార్కింగ్ వైపు. కొంతమంది ముందు తలుపు దగ్గర నిలబడితే, కార్లలో వచ్చినవాళ్ళు పార్కింగ్ తలుపు దగ్గర ఇంకో లైను కట్టారు. ఎవరి లైను వాళ్ళకి అసలు లైను. మూల తిరిగి ఒకళ్ళనొకళ్ళు చూసుకునేసరికి ఎనిమిదయింది.

మన ఊళ్ళో అయితే ఈపాటికి గొంతులు లేచేవి. ఇక్కడ వాళ్ళు "సారీ, మేం ముందొచ్చామనుకుంటా" అంటే వీళ్ళు "సారీ, మేం కూడా" అన్నారు. సారీ చెప్పుకుంటూనే మొహాలు ఎర్రబడుతున్నాయి. ఎవరో నోటీసు చూపించారు. "జిమ్ తలుపు దగ్గర" అని ఉంది. ఏ తలుపో లేదు.

అది నేను రాసిన నోటీసు. మూడుసార్లు తిరగరాసింది. కౌంటర్ వెనక నా చెవులు వేడెక్కాయి.

అప్పుడు చూశాను, మా ఆయన జాకెట్ జిప్పు తీసి చొక్కా జేబులోంచి గళ్ళ కాగితాల నోటుబుక్కు బయటికి తీస్తున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ జేబులో ఒకటి ఉంటుంది. వంతెన దగ్గరికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా. రెండు లైన్ల మధ్య మూల మీద నిలబడి, సైట్ మీద కూలీలతో మాట్లాడే గొంతుతో, ఇంగ్లీషులో చెప్పారు. ఎవరూ కదలొద్దు, ఎవరు ఎన్నింటికి వచ్చారో ఒక్కొక్కరూ నాకు చెప్పండి, వచ్చిన టైము ప్రకారం నంబర్లు ఇస్తాను, రెండు లైన్లూ ఒకటైపోతాయి అని.

ఆయన్ని ఎవరూ నియమించలేదు. మెడలో బ్యాడ్జీ లేదు. మంకీ క్యాపు మాత్రం ఉంది. అయినా అందరూ విన్నారు. ఎవరో ఒకరు పూనుకోవాలని అంతా చూస్తున్నారనుకుంటా.

మా మేనేజరు నా వెనక వచ్చి నిలబడింది. "ఎవరాయన? ఆ టోపీ ఆయన, కాగితాలు పంచుతున్నాడే?"

"ఏమో, నాకు తెలీదు" అన్నాను.

ఆ అబద్ధం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఆయన తిన్నగా వచ్చి కిటికీ అద్దం మీద టకటకా కొట్టి, "ఏమోయ్, స్టేప్లర్ ఉందా?" అని తెలుగులో అరిచారు. మా మేనేజరుకి తెలుగు రాకపోయినా మొగుళ్ళ గొంతు గుర్తుపట్టగలదు. జిమ్ అంతా వినపడేలా నవ్వి, తనే స్టేప్లర్ పట్టుకుని బయటికి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత ఒక చీటీ చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది. "నాకూ ఒక నంబర్ ఇచ్చాడు. నేను మేనేజర్నని చెప్పాను. అయినా ఇచ్చాడు."

బయట జరిగింది ఆయన తర్వాత నాకు చెప్పారు. ఆయన్ని అన్నింటికంటే ఆశ్చర్యపరిచింది, ఎవరూ అబద్ధం చెప్పకపోవడం. రేవుకి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అందరికంటే ముందు, ఆరుంపావుకే వచ్చారట. చదువుకునే రోజుల నుంచీ ఈ మ్యాచికి వస్తున్నారట. ఒకావిడ "ఏడింటికి" అని చెప్పి, నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి, "కాదు, నిజానికి ఏడూ పది. కార్లో కూర్చుని టీ తాగాను" అని దిద్దించుకుందట. ఈయన కొట్టేసి మళ్ళీ రాశారు.

పార్కింగ్ వైపు లైన్లో సగం దూరం వెళ్ళేసరికి, మఫ్లరు చుట్టుకుని, కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి దగ్గర ఈయన పెన్ను ఆగిపోయింది.

డాక్టరు గారు. పక్కన మనవరాలు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ముందు డాక్టరు గారే తేరుకున్నారు. "మీ మాట మీద నమ్మకం లేక కాదండీ. ఎందుకైనా మంచిదని..."

"ఎన్నింటికి వచ్చారు?" అన్నారట ఈయన.

"ఆరూ ముప్పావుకి."

ఆరూ ముప్పావు! మోకాళ్ళ నొప్పితో! ఈయన చీటీ రాసిచ్చారు. మనవరాలు అది చూసి, "తాతా, దిస్ ఈజ్ సో ఆర్గనైజ్డ్!" అంది. ఆ మెచ్చుకోలు కూడా ఆయనకి ఎక్కలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి వెనకాల, బీనీ టోపీలు కళ్ళదాకా లాక్కుని, మొహాలు పక్కకి తిప్పుకుని ఐటీ దంపతులు నిలబడి ఉన్నారు.

"మీరూనా?"

"అంకుల్, అది... ఆంటీ సంగతి మాకు తెలుసు కదా" అన్నాడట అతను. "ఆంటీ మొన్న మా పిల్లల స్విమ్మింగ్ పాస్‌లకి కూడా ఐడీ చూపించమన్నారు."

అంటే ఆ పాట్‌లక్‌లో ఈయన మాటలు నమ్మినవాడు ఒక్కడు కూడా లేడు. ఈయన ఒక్కరే నమ్మారు. అందరూ మొహమాటానికి తలలూపి, ఇంటికెళ్ళి అలారం పెట్టుకున్నారు. ఇది విన్నప్పుడు నేను పడీ పడీ నవ్వాను గానీ, ఆయన మాత్రం నవ్వలేదు. "టిక్కెట్లు లేవని చెప్పడానికి వారం రోజులు భయపడ్డానోయ్" అన్నారు. "వాళ్ళకి ముందే తెలుసు."

అసలు కథ ఇంకా ఉంది. పార్కింగ్ వైపు వాళ్ళలో చాలామంది ముందే వచ్చారు. రెండు లైన్లూ కలిపితే ముందు తలుపు దగ్గర ముప్ఫైల్లో ఉన్న మా ఆయన ఎక్కడికో జారిపోయారు. తన టైము తనే రాసుకోవాలి కదా, అడిగేవాడు ఎవడూ లేడు. ఆరున్నర అని రాసుకున్నా ఎవరికీ తెలీదు. ఏడుంపావు అని రాసుకున్నారు. నంబరు యాభై ఎనిమిది.

పదింటికి కౌంటర్ తెరిచాను. ఒకటో నంబర్ నుంచి వరసగా వచ్చారు, గొడవ లేదు, తోపులాట లేదు. చీటీ ఇవ్వడం, రెండు టిక్కెట్లు తీసుకోవడం. డాక్టరు గారు రెండు, మనవరాలు రెండు తీసుకున్నారు. నాతో కళ్ళు కలపకుండా "థాంక్సమ్మా" అన్నారు. ఐటీ దంపతులు చెరో రెండు. నలభైలు దాటాయి. నా పక్కన టిక్కెట్ల కట్ట పలచబడుతోంది. నేను లెక్క చూస్తున్నాను, లైనూ చూస్తున్నాను. యాభై నాలుగో నంబర్ ఆయనకి ఇచ్చేసరికి కట్ట అయిపోయింది.

"సారీ, టిక్కెట్లు అయిపోయాయి" అని బోర్డు తిప్పాను. మిగిలినవాళ్ళు నిట్టూర్చి చెదిరిపోసాగారు. ఈయన మాత్రం తిన్నగా కౌంటర్ దాకా వచ్చారు. మంకీ క్యాపు మీద మంచు కరిగి చుక్కలు కారుతున్నాయి. చీటీ అద్దం కింద నుంచి తోసి, ఇంగ్లీషులో, "నంబర్ యాభై ఎనిమిది, మేడమ్" అన్నారు.

"సారీ సర్. అయిపోయాయి."

"థాంక్యూ" అని తిరిగారు. ఎకసెక్కం లేదు, కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. కోప్పడి ఉంటే నేనూ ఒక మాట అని ఊరుకునేదాన్ని.

మా మేనేజరు నా భుజం తట్టి, డ్రాయర్లోంచి ఒక కవరు తీసింది. ఏదైనా పొరపాటు జరిగితే సర్దడానికి ప్రతి పెద్ద మ్యాచికీ రెండు టిక్కెట్లు పక్కన పెడుతుంది. "పొరపాటు జరిగింది. నోటీసు పొరపాటు. దాన్ని సరిచేసింది మీ ఆయన. ఇవ్వు" అంది.

పిలిచాను. వెనక్కి వచ్చారు. విషయం చెప్పాను. నేననుకున్నాను, ఆ మొహం వెలిగిపోతుందని. లోపల మనవాళ్ళున్నారు, పిలిచి మరీ ఇస్తున్నారు, ఇంకేం కావాలి?

ఆయన టిక్కెట్ల వైపు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి హాలంతా చూశారు. తలుపు దగ్గర ఒకావిడ కూతురి మెడకి మఫ్లరు సర్దుతోంది. "ఆవిడ యాభై అయిదు" అన్నారు. "ఏడూ పది. టీ తాగినావిడ. ఆవిడ ఇంకా ఇక్కడే ఉండగా నేనెలా తీసుకుంటాను?"

వెళ్ళి ఆవిడని తనే పిలుచుకొచ్చారు.

ఆ సాయంత్రం మిల్టన్‌కి ఫోన్ చేసి అమ్మాయికి ఇదంతా చెప్పాను. పిలిచి మరీ ఇచ్చిన టిక్కెట్లు నాన్న వద్దన్న చోట నన్ను ఆపేసింది. "అమ్మా, ఈజ్ నాన్న ఓకే? డాక్టర్‌కి చూపించావా?" అంది.

మ్యాచి రోజుకి మా మేనేజరు ఇంకో ఏర్పాటు చేసింది. పార్కింగ్ తలుపు దగ్గర టిక్కెట్లు చూడడానికి ఒక మనిషి కావాలి. "ఆ చీటీల ఆయన వస్తాడా?" అని అడిగింది. ఈయన వస్తానన్నారు. చొక్కా మీద వేసుకునే పసుపుపచ్చ వెస్టు ఇచ్చారు. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు వేసుకుని చూసుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.

ఆ రోజు ఆయన్ని కదిపినవాడు లేడు. డాక్టరు గారు మనవరాలితో, భార్యతో, కొడుకుతో ఆ తలుపు దగ్గరికే వచ్చారు. ఈయన టిక్కెట్లు తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, "మీది ముందు తలుపు డాక్టరు గారూ" అన్నారు.

"లోపలికి వెళ్తే రెండూ ఒకటే కదండీ. నా మోకాలు..."

ఈయన, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి, వీల్‌చైర్లవాళ్ళకి ఈ తలుపే వాడొచ్చని మేనేజరు ఇచ్చిన కాగితంలో ఉందో లేదో చదివారు. ఉంది. ఉన్నాకనే పంపించారు. "చదవకుండా పంపలేకపోయారా?" అని డాక్టరు గారి భార్య తర్వాత నాతో ఫోన్లో నవ్వింది.

తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకి కోర్టు వెనకవైపు ఉంటుంది. లోపల జనం అరుస్తుంటే, బూట్లు కీచుమంటుంటే, డప్పులు మోగుతుంటే, ఆయన వీపు అటు పెట్టి పార్కింగ్ లాట్ చూస్తూ నిలబడ్డారు. రెండు గంటలసేపు. నేను కౌంటర్ లెక్కలు సర్దేసి, ఆట చివరి భాగంలో అటు వెళ్ళాను. మెడ తిప్పకుండా, చెవులు మాత్రం వెనక్కి పెట్టి వింటున్నారు.

"వెళ్ళి చూడండి. నేను నిలబడతాను" అన్నాను.

"డ్యూటీ కదోయ్."

"నేనూ స్టాఫే. వెళ్ళండి."

వెళ్ళారు. తలుపు సందులోంచి నాకు కనపడుతున్నారు. గ్యాలరీ కింద, ఆ ఆరుంపావుకి వచ్చిన పెద్దాయన పక్కన ఇరుక్కుని నిలబడ్డారు. రెండు టీములూ సమానంగా ఉన్నాయి. నిమిషం కూడా మిగల్లేదు. ఒక పొడుగు కుర్రాడు దూరం నుంచి బంతి విసిరాడు, అది రింగు మీద ఒకసారి తిరిగి లోపల పడింది. మా వైపు గ్యాలరీ మూగబోయింది. అక్కడ మా ఆయన ఒక్కరే రెండు చేతులూ పైకెత్తి, "ఆఁ! పడింది, పడింది!" అని గెంతారు.

అది అవతలి టీము బాస్కెట్. ఆట మొదలయ్యే ముందు మావాళ్ళు ఆ రింగులో బంతులు వేస్తుంటే చూశారట, సగం ఆట అయ్యాక వైపులు మారతాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మా యూనివర్సిటీ ముద్ర ఉన్న వెస్టు వేసుకుని మేం ఓడిపోతున్నందుకు గెంతారన్నమాట. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకుని మెల్లిగా కిందికి దించారు. గ్యాలరీ మీద నుంచి డాక్టరు గారి మనవరాలు వంగి, "అంకుల్, రాంగ్ టీమ్!" అని అరిచింది. నాకు నవ్వు ఆగలేదు. తలుపు దగ్గర నిలబడి ఒక్కదాన్నే నవ్వుతుంటే బయటికి వెళ్తున్న ఒకాయన నన్ను వింతగా చూశాడు.

ఆ ఒక్క బాస్కెట్‌తోనే మేం ఓడిపోయాం. జనం తలలు వంచుకుని బయటికి వెళ్తున్నారు. ఈయన మాత్రం కళ్ళు మెరుస్తూ వచ్చారు. "ఎంత ఒడుపుగా వేశాడోయ్! నేను లోడ్ లెక్కలు కట్టినా అంత సరిగ్గా రాదు." ఎవరు గెలిచారన్నది ఆయనకి పట్టలేదు. అది నాకెందుకో నచ్చింది.

ఆ జూన్‌లో ఆయన రిటైరయ్యారు. ఇంట్లో కూర్చుంటే నా వంటింటి డబ్బాలకి నంబర్లు వేస్తారేమోనని భయపడ్డాను. అక్టోబర్‌లో సీజన్ మొదలవగానే సొంతంగా ఒక పాస్ కొనుక్కున్నారు. నా కౌంటర్లోనే, ఐడీ చూపించి. పెద్ద మ్యాచికంటే ఎవరూ రాని మ్యాచులంటేనే ఆయనకి ఇష్టం. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చంటారు. డాక్టరు గారు మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాక అప్పుడప్పుడూ వస్తున్నారు. పెద్దాయన అవతలి ఒడ్డు నుంచి ఫెర్రీలో వస్తారు. ముగ్గురూ ఒకే వరసలో, మధ్యలో ఒక్కో సీటు వదిలి, కోట్లు ఆ సీట్లలో పెట్టుకుని కూర్చుంటారు.

మొన్న శుక్రవారం సాయంత్రం అమ్మాయిల మ్యాచి. బయట వాన గడ్డకట్టి పడుతోంది. గ్యాలరీలో పదిమంది కూడా లేరు. కౌంటర్ మూసేసి నేనూ వెళ్ళి ఆయన పక్కన కోటు తీసి కూర్చున్నాను. కాసేపయ్యాక మోచేత్తో పొడిచారు.

"ఆ ఏడో నంబర్ పిల్లని చూడు. ఎడమచేతి వాటం. అవతలివాళ్ళు ఇంకా కనిపెట్టలేదు."

చూశాను. నిజమే.